కట్ అని కొడితే ఎవరి కట్ నడుస్తుంది

నేను చదివింది ఐదో తరగతి. ఇన్నేళ్లలో రాసిందల్లా లాగ్‌బుక్కులో రెండు మూడు లైన్లు, అంతే. కంప్యూటర్ పనిలోకి వచ్చే పిల్లల కోసం నా అనుభవం రాయమని ఒక పాత స్నేహితుడు అడిగాడు. నాకు రాదన్నాను. మాట్లాడినట్టే రాయమన్నాడు. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను, ఇది నాలుగోసారి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది అనేవి రాయను. వాటితో మీకు పని లేదు. ఒక మిషన్ గురించి, ఒక అమ్మాయి గురించి, నాకు పట్టిన కుళ్లు గురించి రాస్తాను.

గదిలోకి ఎట్లా వచ్చాను

చిత్తూరు అవతల ఒక చక్కెర ఫ్యాక్టరీ. పేరు రాయను. నేను ముందు కాటా దగ్గర ఉండేవాణ్ణి. చెరుకు లారీలు, ఎద్దుల బండ్లు వస్తే నంబరు రాసి టోకెన్ ఇవ్వడం నా పని. ఇంగ్లీషు అక్షరాలు నాకు లారీల నంబరు పలకల మీదే వచ్చాయి, బడిలో కాదు.

ఎనభైల నడుమ ఫ్యాక్టరీకి ఒక కంప్యూటర్ వచ్చింది. ఏసీ గదిలో పెట్టారు. దుమ్ము పడకూడదు, చెప్పులు వేసుకుని పోకూడదు. తుడవడానికి నన్ను పెట్టారు. తుడుస్తూ తుడుస్తూ మద్రాసు నుంచి వచ్చిన ఇంజినీరు ఏ మీటలు కొడుతున్నాడో చూసి నోట్‌బుక్కులో బొమ్మలు వేసినట్టు వేసుకున్నాను. అర్థం తెలియదు, వరస మాత్రం తెలుసు. ఏడాది తిరిగేసరికి జాబితాలు తీసే పని నా మీదికి వచ్చింది. వేరే ఎవరికీ ఓపిక లేక వచ్చింది, నా గొప్ప కాదు.

జాబితా అంటే కటింగ్ ఆర్డర్ల జాబితా. పదిహేను రోజులకు ఒకటి. ఏ రైతు తోట ముందు నరకాలి, ఎవరిది తర్వాత అని. అందులో పేరు వచ్చేదాకా రైతు చెరుకు మీద కత్తి పెట్టడానికి లేదు. నరికి తెచ్చినా గేటు దగ్గర టోకెన్ ఇవ్వరు. వరస తప్పితే చెరుకు తోటలోనే ఎండుతుంది. కాబట్టి ఆ కాగితం మా జిల్లాలో చాలా ఇళ్లకు పంచాంగం కంటే ఎక్కువ.

గోడ మీద పలక

ఇప్పుడు మీ పనికి కావలసింది చెబుతాను. దీన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు. ఆ పేరు నా నోటికి తిరగడానికే నెల పట్టింది.

కాటా దగ్గర గోడకు ఒక నల్ల పలక ఉండేది. పొద్దున షిఫ్టు ఇన్‌ఛార్జి వచ్చి ఈ రోజు ఏ గేటు తెరిచారు, ఏ రకం చెరుకు తీసుకుంటున్నారు, ఎవర్ని అడగాలి అని దాని మీద రాసేవాడు. లోపల పనిచేసే వాళ్లందరూ ఆ పలక చూసి పోయేవాళ్లు, మనిషి మనిషినీ అడిగే పని లేదు. మిషన్ లోపల కూడా అట్లాంటి పలక ఉంది. మిషన్ వేయగానే ఆటోఎక్జెక్ అనే ఒక ఫైలును చదివి, అందులో ఉన్నది పలక మీద ఎక్కించుకుంటుంది. నడిచే ప్రోగ్రాములన్నీ ఆ పలకనే చూస్తాయి. మిషన్ ఆపితే పలక తుడుచుకుపోతుంది.

మా మిషన్ పలక మీద ముఖ్యమైనవి నాలుగు. పాత్ అంటే, మీరు ఒక మాట కొడితే ఆ పేరున్న ప్రోగ్రాము కోసం ఏ ఏ అరల్లో, అంటే డైరెక్టరీల్లో, ఏ వరసలో వెతకాలి అని. ప్రాంప్ట్ అంటే, మీరు కొట్టే చోట ముందు ఏం కనపడాలి అని. కామ్‌స్పెక్ అంటే, మీ మాట వినే ఆ ముఖ్యమైన ప్రోగ్రాము ఎక్కడ కూర్చుని ఉంది అని. టెంప్ అంటే, చిత్తు కాగితాలు ఎక్కడ పెట్టుకోవాలి అని. ఇప్పటి మిషన్లలో ఇంకా చాలా ఉన్నాయి. మూలం ఇదే. పలక మీద ఏముందో చూడాలంటే మా కాలంలో సెట్ అని కొడితే చాలు, అంతా తెర మీద వచ్చేది.

ఇది నాకు పుస్తకంలో రాలేదు. ఒకసారి ఏ పని ముగిసినా మిషన్ ఫ్లాపీ పెట్టమని అడుగుతూ నిలిచిపోయేది. నేను రెండు రోజులు కుస్తీ పట్టాను. మద్రాసు ఇంజినీరు కారులో వచ్చి, కామ్‌స్పెక్ ఫ్లాపీ వైపు చూపిస్తోందని ఒక్క లైను దిద్ది, కాఫీ తాగి పోయాడు. ఆ ఒక్క లైను నాకు తెలిసి ఉంటే ఆ కాఫీ నాకు వచ్చేది. ఆ రోజంతా నాకు అదే ఆలోచన. కుళ్లు అప్పటికే నాలో ఉందని చెప్పడానికే ఇది రాశాను. భారతి వచ్చాక పుట్టింది కాదు.

భారతి

భారతిది నగరి. ఇంట్లో మరమగ్గాలు. తిరుపతిలో బీఎస్సీ లెక్కలు చదివి, మద్రాసులో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. చెరుకు విభాగం చూసే దొరస్వామి సార్ ఆమెను నా గదిలోకి తీసుకొచ్చి నా ముందే చెప్పాడు.

"ఏమప్పా మునిరత్నం, ఈ పాపకు ఆరు నెల్లు ట్రయలు. సీజను అయినాక ఈ గదిలో ఒక్కరే ఉంటారు. ఇద్దరికి పని లేదు. ఎవురు బాగా చేస్తే వాళ్లు. ఇంకొకరిని వేరే యాడన్నా చూస్తాం."

వేరే యాడన్నా అంటే నాకు కాటా అని అర్థం. ఆమెకు నగరి బస్సు.

ఆ రోజు నుంచి నేను ఆమె పని చూడలేదు, ఆమెను ఎవరు చూస్తున్నారో చూశాను. క్లర్కులు ఆమె వెనక నిలబడేవాళ్లు. నా వెనక ఎవరూ ఎప్పుడూ నిలబడలేదు. నేను జాబితా తీయాలంటే ఒక అరలోంచి ఇంకో అరలోకి, అక్కడినుంచి ఇంకో అరలోకి, మెట్లు దిగినట్టు ఒక్కో లైను కొట్టుకుంటూ పోయేవాణ్ణి. అదే నా విద్య అనుకునేవాణ్ణి. ఆమె వచ్చిన మూడో రోజు పాత్‌లో అన్ని అరల పేర్లూ రాసి, ఎక్కడున్నా ఒక్క మాట కొడితే పని జరిగేట్టు చేసింది. నా మెట్లన్నీ ఒక్క పూటలో పోయాయి. ప్రాంప్ట్ కూడా మార్చింది. ముందు వట్టి సీ అక్షరం కనపడేది, ఎక్కడున్నానో తెలియక నేను తప్పిపోయేవాణ్ణి. ఇప్పుడు ఏ అరలో ఉన్నామో దాని పేరే కనపడేది. నాకు చాలా ఉపయోగపడింది. ఉపయోగపడినందుకే ఇంకా మండింది.

ఒకరోజు ఆమె పలక మీద ఎక్కువ రాసేసరికి చోటు చాలదని మిషన్ ఇంగ్లీషులో చెప్పింది. ఆ పలక మరీ చిన్నది, నాలుగు లైన్లు దాటితే పట్టదు. ఆమె ముఖం చిన్నబోయింది. నేను ఆ మధ్యాహ్నం కడుపు నిండా అన్నం తిన్నాను. అరగంటలో ఆమె అరల పేర్లు పొట్టివి చేసి సర్దేసింది. పలక మీద ఏది అవసరమో అదే రాయాలని నేను అప్పుడు నేర్చుకున్నాను. కానీ ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు.

రెండు కట్‌లు

నేను సొంతంగా చేసింది ఒకటుంది. కట్ అని పేరు పెట్టిన చిన్న ఫైలు. దాన్ని నడిపితే ఇంజినీరు చేసిన జాబితా ప్రోగ్రాము నడిచి, నాటిన తేదీ ప్రకారం వరస వచ్చేది. ఐదు లైన్లు. నా చేత్తో చేసి పదిమంది వాడిన వస్తువు నా బతుకులో అదొక్కటే.

నాటిన తేదీ ప్రకారం అన్నాను కదా. అందులో ఒక లోటుంది. కార్శి తోటలు అని ఉంటాయి. ఒకసారి నరికిన మొదళ్ల నుంచే మళ్లీ పెరిగేవి. వాటిని కొత్తగా నాటరు కాబట్టి ఆ గడి ఖాళీ. ఖాళీ ఉన్నవన్నీ జాబితాలో చివరికి పోయేవి. కానీ కార్శి తోటలు ముందే పండుతాయి, ముందే నరకాలి. అందుకని క్లర్కులు ఆ పేర్లు చేత్తో పైన రాసేవాళ్లు.

భారతి ఇది చూసి కార్శి తోటలు వాటంతట అవే పైకి వచ్చేట్టు కొత్త ప్రోగ్రాము రాసింది. దాన్ని నడిపే ఫైలుకు కూడా కట్ అనే పేరు పెట్టింది. అడిగితే చెప్పింది, "క్లర్కులకు ఆ మాట అలవాటైపోయిండాది గదనా. ఇంకో పేరు పెడితే తికమక పడతారు." తన అరను పాత్‌లో ముందు రాసింది, నాది తర్వాత. ఒకే పేరు రెండు అరల్లో ఉంటే, ముందు దొరికిందే మిషన్ నడుపుతుంది. రెండోదాని దాకా పోనే పోదు. నా ఫైలు అక్కడే ఉంది, ఎవరూ తుడిపేయలేదు. కానీ నేను పెట్టిన పేరుతో పిలిస్తే ఆమెది పలికేది.

తుడిపేసి ఉంటే అంత నొప్పి ఉండేది కాదు.

నేను చేసింది

ఆమె చెల్లెలికి సీమంతమని శనివారం నగరికి పోయింది, గురువారం దాకా సెలవు. ఆ సాయంత్రం నేను ఆటోఎక్జెక్ ఫైలు తెరిచి, పాత్‌లో నా అరను ముందుకు తెచ్చాను. నా కట్ ఒక్కసారి నడవడం చూడాలనిపించింది. అంతకు మించి ఏమీ అనుకోలేదు. కట్ కొట్టాను. ఆమెదే నడిచింది. నాకు రాయడం రాలేదేమో అనుకుని ఇంటికి పోయాను.

ఆదివారం బాయిలర్ శుభ్రం చేయడానికి ఫ్యాక్టరీ ఆపారు. సీజనులో మా కరెంటు మాదే, ఫ్యాక్టరీ ఆగితేనే గదిలో మిషన్ కూడా ఆగేది. మిగతా రోజుల్లో దాన్ని ఆపొద్దని ఇంజినీరు గట్టిగా చెప్పి పోయాడు. సోమవారం మళ్లీ వేశారు. ఆ రోజు జాబితా తీయాలి. కట్ కొట్టాను. నాది నడిచింది. నాలుగు నిమిషాల్లో ముగిసింది, ఆమెదైతే ఇరవై నిమిషాలు తీసుకునేది. తొందరగా అయిందని నాకు గర్వం. జాబితా ప్రింటు తీసి నోటీసు బోర్డుకు ఇచ్చేశాను. క్లర్కులు చేత్తో రాయడం మానేసి రెండు నెలలయిందని నాకు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే ఫైలు మళ్లీ ఎప్పటిలాగే దిద్దాను. శనివారం రాసింది సోమవారానికి పనిచేసింది కాబట్టి, రాసింది మిషన్‌కు ఎక్కడానికి ఒక రోజు పడుతుందని నేను అనుకున్నాను. ఇదీ నా తెలివి. ఫైలు వేరు, పలక వేరు. మిషన్ ఆపి మళ్లీ వేసినప్పుడే ఫైలు పలకకు ఎక్కుతుంది. నేను ఫైలు దిద్దాను. పలక మీద నా అర ముందే ఉంది. అది అట్లాగే ఉండిపోయింది, ఎందుకంటే మళ్లీ బాయిలర్ శుభ్రానికి ఇంకా నెల ఉంది.

బుధవారం చెంగారెడ్డి అనే రైతు వచ్చాడు. రెండెకరాల కార్శి తోట. ఆయన పేరు జాబితాలో ఆఖరి పేజీలో ఉంది. ఎందుకిట్లా అని అడిగాడు. నా కట్ కార్శి తోటల్ని చివరికి తోస్తుందని నాకు అప్పుడే గుర్తొచ్చింది. వచ్చే జాబితాలో పైన వస్తుందిలే అన్నాను. మిషన్ వరస వేస్తుంది, మన చేతిలో ఏముంది అని కూడా అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ నోట్లో చేదుగా తగులుతుంది.

రెండో జాబితా రోజు లారీల రద్దీ అని నన్ను కాటా దగ్గరకు పంపారు. భారతి వచ్చింది కానీ సర్వే ఫారాలు దిద్దే పనిలో పెట్టారు. ఒక క్లర్కు కట్ అని కొట్టి ప్రింటు తీశాడు. చెంగారెడ్డి మళ్లీ ఆఖరి పేజీ.

సెట్

మూడు రోజులకు ఆయన ఒక చెరుకు గడ చేతిలో పట్టుకుని గదిలోకే వచ్చాడు, చెప్పులతోనే. దొరస్వామి సార్ కూడా వెనకే వచ్చాడు. చెంగారెడ్డి గడను మోకాలి మీద విరిచి బల్ల మీద పెట్టాడు. లోపల తెల్లగా బెండు.

"సూడండి సార్. పిండితే నీళ్లు రావు. ఇరవై దినాలుగా తిరగతా ఉండాను. మిషనంట, వరసంట."

దొరస్వామి సార్ భారతి వైపు తిరిగాడు. నీ ప్రోగ్రామే కదమ్మా ఇది అన్నాడు. దాచను, నాకు సంతోషమే అయింది.

భారతి ఆటోఎక్జెక్ ఫైలు తెరిచింది. అంతా సరిగానే ఉంది, నేనే కదా దిద్దింది. ప్రోగ్రాము తెరిచింది. అదీ సరిగానే ఉంది. తర్వాత సెట్ అని కొట్టింది. నాలుగు లైన్లు వచ్చాయి. పాత్ ఎదురుగా నా అర పేరు మొదట ఉంది. ఆమె ఆ లైను మీద వేలు పెట్టింది.

"సార్, ఫైల్లో ఒకటుండాది, మిషన్లో ఒకటుండాది. ఎవురో ఫైలు మార్చినారు. మళ్లా ఎప్పటిమాదిరిగా పెట్టేసినారు. మిషన్ మాత్రం ఆపి మళ్లా వెయ్యలేదు. అందుకని పాత కట్టే నడస్తా ఉండాది."

దొరస్వామి సార్ తెర వైపు చూశాడు. ఆయనకు అవి నాలుగు ఇంగ్లీషు లైన్లు, అంతే. "ఫైలు సరిగ్గా ఉండాదని నువ్వే అంటివి గదమ్మా. సరిగ్గా ఉంటే తప్పెట్ల వస్తుంది?" అన్నాడు.

ఆమె ఇంకోసారి చెప్పింది. ఆయన ఇంకోసారి అదే అడిగాడు. చెంగారెడ్డి ఇద్దర్నీ చూస్తున్నాడు. అప్పుడు భారతి నా వైపు చూసింది. ఆ గదిలో ఆమె చెప్పింది అక్షరం అక్షరం అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే.

"అన్నా, నువ్వేమన్నా ముట్టుకున్న్యావా?"

"లేదు పాపా" అన్నాను.

ఆమె మిషన్ ఆపి మళ్లీ వేసింది. కట్ కొట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. జాబితాలో చెంగారెడ్డి పేరు మొదటి పేజీలో వచ్చింది. ఆపి మళ్లీ వేస్తే సరిపోయేదాన్ని ఇరవై రోజులు చూసుకోలేదా అని దొరస్వామి సార్ ఆమెనే తిట్టాడు. సీజను ముగిసేదాకా కూడా ఉంచలేదు. ఆ నెలాఖరుకు పంపేశాడు. చెంగారెడ్డి ఆ చెరుకు ఫ్యాక్టరీకి తేలేదు. ఇంటి దగ్గరే బెల్లం వండబోతే పాకం గట్టిపడలేదని, మిగిలింది పశువులకు వేశాడని విన్నాను.

గది నాదయింది.

నగరి

నేను అనుకున్నట్టు నిద్ర పట్టలేదు. సీజను అయ్యాక ఒక ఆదివారం నగరి బస్సెక్కాను. వాళ్ల వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు. భారతి బయటకు వచ్చి, లోపల మాట వినపడదని వీధి అరుగు మీద కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చింది. నేను చేసింది మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. శనివారం, సోమవారం, ఒక రోజు పడుతుందనుకోవడం, అన్నీ.

"నాకు తెలుసన్నా" అంది.

"తెలిస్తే సార్‌తో నా పేరు సెప్పకపోతివే?"

"ఆయప్పకు సెప్పినాను, అర్థం కాలే. నీకు అర్థమైంది. నువ్వు సెప్పలే."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. క్షమించానని ఆమె అనలేదు. నేను అడగనూ లేదు. పోదామని లేచి కూడా నోరు ఊరుకోక, ఇప్పుడేం చేస్తున్నావని అడిగాను. సూళ్లూరుపేటలో ఒక కంపెనీలో చేరబోతున్నానంది. అక్కడ పెద్ద మిషనంట. ఒక్క మిషన్‌కు పదిమంది పది తెరల ముందు కూర్చుంటారంట. ఎవరి పాత్ వాళ్లదే, ఎవరి ప్రాంప్ట్ వాళ్లదే. ఒకరు తమది మార్చుకుంటే పక్కవాళ్లకు అంటదంట. ఆ మాట చెప్పేటప్పుడు నా మీద కోపం కూడా మరిచిపోయింది, కళ్లలో వెలుగు వచ్చింది. నేను ఇంకా అడిగాను, ఆమె ఇంకా చెప్పింది. పుత్తూరు దాటేదాకా బస్సులో నాకు ఒకటే మంట. క్షమాపణ చెప్పుకోవడానికి పోయి కుళ్లుకుని తిరిగివచ్చాను.

మరునాడు దొరస్వామి సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పాపను పిలిపించండి, నన్ను కాటాకు పంపండి అన్నాను. ఇప్పుడు పిలిస్తే ఆయన తప్పు బయటపడుతుంది, అది ఆయనకు ఇష్టం లేదు. "ఆ పాపకు వేరే ఉద్యోగం దొరికిండాదంటివి గదప్పా. పొయ్యి నీ పని సూసుకో" అన్నాడు. పై అధికారుల గురించి మీకు చెప్పదలచుకున్నది ఇంతే. అర్థం కానిదాన్ని అర్థం కాలేదని ఒప్పుకునేవాడు దొరికితే వదులుకోకండి.

చెంగారెడ్డికి చెప్పడమే కష్టమైంది. తర్వాతి సీజనుకు తోట రాయించుకోవడానికి వచ్చినప్పుడు కౌంటరు దగ్గరే చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. ఫారం నా చేతిలోంచి తీసుకుని పక్క కౌంటరులో ఇచ్చాడు. ఆ తర్వాత ఆయన పనేదైనా ఆ కౌంటరులోనే, నా ముందుకు మళ్లీ రాలేదు.

ఆ గదిలో నేను రిటైరయ్యేదాకా ఉన్నాను. మిషన్లు మారాయి. అవన్నీ మీరు పుస్తకంలో చదువుకోవచ్చు. తప్పు వచ్చినప్పుడు ఫైలులో ఏం రాసి ఉందో చూసి ఊరుకోకండి. మిషన్ ఇప్పుడు ఏమనుకుంటోందో దాన్నే అడగండి. ఒకే పేరున్నవి రెండుంటే ఏది ముందు ఉందో చూడండి. పక్కవాళ్ల తప్పు అనే ముందు ఇది చేయండి. ఇంత చిన్న సంగతికి ఒక పిల్ల ఉద్యోగం, ఒక మనిషి రెండెకరాల చెరుకు పోయాయి.

కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఇప్పుడు ఇంట్లో నా దగ్గర కంప్యూటర్ నేర్చుకునే పిల్లలు ఎవరైనా నాకు రానిది టక్కున చేసి చూపిస్తే ఇప్పటికీ లోపల అదే మంట. దానికి మందు నాకు తెలియదు. ఒక్కటి మాత్రం అలవాటు చేసుకున్నాను. అది లేచిందని తెలియగానే కుర్చీలోంచి లేస్తాను. కీబోర్డు ఆ పిల్లల ముందుకు జరిపి, బయట వరండాలోకి పోయి, చేతులు వెనక కట్టుకుని నిలబడతాను. వాళ్లు పిలిచేదాకా లోపలికి రాను.